గుర్రం బొమ్మ బండి: మస్టాంగ్ మీద మీ ప్రశ్నలు

కిందటి నెల ఇదే శీర్షికలో ఒక పాఠకుడు అడిగితే ఫోర్డ్ మస్టాంగ్ అనే అమెరికన్ కారు గురించి నాలుగు వాక్యాలు రాశాను. వాటికి గిండీ నుంచి మరైమలై నగర్ దాకా మన చెన్నై తెలుగువాళ్లు రాసిన ఉత్తరాలు, మెయిళ్లు చూశాక ఈ నెల వేరే కార్ల జోలికి పోవడం లేదు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ ఉండే చోటు మాత్రమే వేశాను.

ప్రశ్న: నేను మెకానికల్ థర్డ్ ఇయర్. హాస్టల్లో రోజూ ఇదే గొడవ సార్. కార్వెట్ ఒక్కటే అసలైన అమెరికన్ స్పోర్ట్స్ కారు, మస్టాంగ్ ఉత్త షోకు అంటారు మావాళ్లు. మీరేమంటారు?
(ఒక విద్యార్థి, గిండీ)

మీవాళ్లు సగం కరెక్టే. ఫోర్డ్ ప్రత్యర్థి జనరల్ మోటార్స్ చేసే కార్వెట్ 1953లో వచ్చింది. రెండే సీట్లు, ఫైబర్‌గ్లాస్ బాడీ, పుట్టడమే స్పోర్ట్స్ కారుగా పుట్టింది. మస్టాంగ్ అలా పుట్టలేదు. ఫోర్డ్ దగ్గర అప్పటికే ఫాల్కన్ అని ఒక మామూలు ఫ్యామిలీ కారు ఉంది. దాని ఫ్లోరు, సస్పెన్షన్, ఇంజన్లలో చాలా భాగం తీసుకుని, పైన పొడుగాటి బానెట్, కురచ డిక్కీ ఉన్న కొత్త బాడీ తొడిగారు. అప్పట్లో ఫోర్డ్ డివిజన్‌ను నడిపింది లీ అయాకోకా. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు అప్పుడప్పుడే లైసెన్సు వయసుకు వస్తున్నారు, వాళ్ల దగ్గర స్పోర్ట్స్ కారు కొనేంత డబ్బు లేదు, అలాగని నాన్న నడిపే సెడాన్ లాంటిది కొనాలనీ లేదు, ఈ మధ్యలో ఉన్న ఖాళీని ఆయన పట్టుకున్నాడు.

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో దాన్ని జనం ముందు పెట్టారు. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. ఆ ఒక్క రోజే 22,000 బండ్లు అమ్ముడుపోయాయి. ఏడాదిలో లక్ష పోతే చాలనుకున్నవి 4 లక్షలు దాటాయి, రెండేళ్లు తిరక్కుండానే పది లక్షలో బండి బయటికొచ్చింది.

అంత అమ్ముడుపోవడానికి అసలు కారణం ఆప్షన్ల లిస్టు. బేసిక్ బండిలో 101 హార్స్‌పవర్ చిన్న ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది, దాంతో ఆఫీసుకెళ్లి రావచ్చు, పెట్రోలు ఖర్చు గురించి టెన్షన్ పడక్కర్లేదు. అదే బాడీలో, కొంచెం ఎక్కువ డబ్బు పెడితే 271 హార్స్‌పవర్ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, వచ్చేది. వీధిలో పక్కపక్కనే పెడితే రెండూ ఒకటే కారు. మొదటి ఉద్యోగంలో చేరిన అమ్మాయి, రేసు పిచ్చి ఉన్న కుర్రాడు ఒకే షోరూమ్‌కి వచ్చి ఒకే బండి కొనుక్కుని వెళ్లారు, ఎవరి జేబుకు తగ్గట్టు వాళ్లు. నా దృష్టిలో మస్టాంగ్ అంటే ఇదే. మామూలు మనిషి అందుకోగల స్పోర్ట్స్ కారు. ఏ తరం మస్టాంగ్ బాగుంది, ఏది దారి తప్పింది అని చూడాలంటే నేను ముందు ఈ ఒక్క విషయమే చూస్తాను.

ఇక మీ గొడవ తీర్చే పాయింటు. 1965లో రేసు కార్లు తయారుచేసే కారల్ షెల్బీ దీన్ని తీసుకుని, స్పోర్ట్స్ కార్ల పోటీలో ఒప్పుకోవాలంటే రెండే సీట్లుండాలి కాబట్టి వెనక సీటు పీకేసి, జీటీ350 తయారుచేశాడు. అది ఎస్‌సీసీఏ అనే అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు నడిపే పోటీల్లో, బీ ప్రొడక్షన్ క్లాసులో 1965, 1966, 1967 మూడేళ్లూ జాతీయ ఛాంపియన్. హాస్టల్లో ఇది చెప్పండి, షోకు అన్నవాళ్లు ఏమంటారో చూద్దాం.

ప్రశ్న: పాత మస్టాంగ్‌ల మీద 289, 302, 351, 428 అని నంబర్లుంటాయి. అవేంటి? పైగా ఏడాదికేడాది ఆ బండి పెరుగుతూ పోయింది, ఎందుకని?
(రిటైర్డ్ టర్నర్, అంబత్తూరు)

అవి క్యూబిక్ అంగుళాలండీ. మనం సీసీ అన్నట్టు వాళ్లు అలా లెక్కపెట్టేవాళ్లు. ఒక క్యూబిక్ అంగుళం అంటే 16.4 సీసీ. 289 అంటే 4.7 లీటర్లు, 428 అంటే 7 లీటర్లు. తర్వాత ఫోర్డ్ 302కి 5.0 అని బ్యాడ్జి పెట్టింది గానీ అసలు కొలత 4,942 సీసీ, అంటే 4.9కి దగ్గర. లేత్ మీద చేయి తిరిగిన మీకు ఆ తేడా చూడగానే తెలుస్తుంది.

పెరగడానికి కారణం ఇంజనే. 1967లో జనరల్ మోటార్స్ కమారోతో పోటీకి దిగింది. ఫోర్డ్ అప్పటికే పెద్ద 390 ఇంజన్ పెట్టాలనుకుని మస్టాంగ్ వెడల్పు పెంచింది. ఒకసారి ఆ తలుపు తెరిచాక ఆగలేదు. 1968లో 428 కోబ్రా జెట్, 1969లో బాస్ 302, బాస్ 429. ఈ చివరి రెండూ రేసుల కోసం పుట్టినవి. ట్రాన్స్ ఆమ్ అనే మెలికల ట్రాక్ పోటీకి బాస్ 302, గుండ్రటి ట్రాక్‌ల మీద జరిగే నాస్కార్ రేసుల్లో ఆ 429 ఇంజన్ వాడుకోవడానికి బాస్ 429, ఎందుకంటే రేసులో వాడాలంటే అదే సరుకు రోడ్డు బండిగా ఇన్ని అమ్మాలని రూలు. 1970లో బాస్ 302 ట్రాన్స్ ఆమ్ టైటిల్ కొట్టింది కూడా. ఆ బండి నాకు చాలా ఇష్టం. అనవసరమైన బరువు లేదు, ఇంజన్ పైపైకి వెళ్లి పాడుతుంది, మూల తిరగడం తెలిసిన మస్టాంగ్ అది.

1971 దగ్గరికొచ్చేసరికి మాత్రం మొదటి మస్టాంగ్ కంటే రెండున్నర క్వింటాళ్లకు పైగా బరువెక్కింది. ఫాస్ట్‌బ్యాక్, అంటే పైకప్పు వాలుగా వెనక దాకా దిగే మోడల్, వెనక అద్దం ఎంత పడుకుని ఉంటుందంటే లోపలి అద్దంలో ఆకాశం, ఇంత సన్నగా రోడ్డు, అంతే. 1968లోనే ఫోర్డ్ వాటాదార్ల మీటింగ్‌లో ఒకావిడ లేచి, చిన్న కారును చిన్నగా ఎందుకు ఉండనివ్వరని నిలదీసింది. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. 1966లో 6 లక్షలకు పైగా తయారైన బండి 1972 నాటికి లక్షా పాతిక వేల దగ్గరికి పడిపోయింది. ఇన్సూరెన్సు కంపెనీలు పెద్ద ఇంజన్లకు ప్రీమియం బాగా పెంచేశాయి, పొగ మీద చట్టాలు వచ్చాయి, అవన్నీ నిజమే. కానీ మొదట్లో ఎవరి కోసం చేశారో ఆ కుర్రవాళ్లకే అందకుండా పోయిందన్నది అంతకంటే పెద్ద నిజం.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడు 1976 మస్టాంగ్ 2 కొన్నాడు. అందరూ ఎగతాళి చేస్తున్నారట, వాడు ఫోన్‌లో బాధపడ్డాడు. అది అంత పనికిమాలిన బండా?
(ఒక పాఠకురాలు, టి. నగర్)

కాదమ్మా, అస్సలు కాదు. మీ తమ్ముడితో నా మాటగా చెప్పండి.

ఆ బండిని తిట్టేవాళ్లు దాని పక్కన 1969 బండిని పెట్టి చూస్తారు. పెట్టాల్సింది 1973 పక్కన. అయాకోకా మళ్లీ చిన్న కారు కావాలని పట్టుబట్టి, పింటో అనే చిన్న బండి పునాదిగా దీన్ని చేయించాడు. అంతకుముందు దానికంటే అడుగుకు పైగా పొట్టి. 1973 సెప్టెంబరులో షోరూమ్‌లకు వచ్చింది. సరిగ్గా మరుసటి నెలలో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి, పెట్రోలు బంకుల ముందు క్యూలు మొదలయ్యాయి. అలాంటి టైములో 7 లీటర్ల బండి ఎవరు కొంటారు? ఈ చిన్న మస్టాంగ్ మాత్రం మొదటి ఏడాదిలో 3,85,993 పోయింది. ఇది లేకపోతే తర్వాతి ఐదు తరాలు ఉండేవే కావు.

లోపాలు లేవనను. 1974లో వీ8 దొరకలేదు, మస్టాంగ్ చరిత్రలో అలాంటి ఏడాది అదొక్కటే. 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ 88 హార్స్‌పవర్ మాత్రమే ఇచ్చేది, ఆ బరువుకు అది చాలదు. 1975లో 302 తిరిగి వచ్చింది కాబట్టి మీ తమ్ముడి 1976లో ఏ ఇంజన్ ఉందో బానెట్ తెరిచి చూసుకోమనండి.

ఇంకో సంగతి, దీన్ని ఎగతాళి చేసేవాళ్లలో చాలామందికి తెలియదు. ఈ బండితోనే మస్టాంగ్‌కి మొదటిసారి ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, అంటే పళ్ల చక్రం పళ్ల కడ్డీని నేరుగా జరిపే పద్ధతి, వచ్చింది. ఆ ముందు సస్పెన్షన్ ఎంత పొందికగా ఉందంటే అమెరికాలో పాత కార్లను వేగం కోసం మార్చి హాట్ రాడ్లు కట్టే షెడ్లవాళ్లు 1930ల నాటి పాత ఫోర్డ్‌ల కింద కూడా ఇదే బిగిస్తారు. ఇప్పటికీ ఆ డిజైన్ కిట్లు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. పనికిమాలిన బండి సామానును ఎవరూ యాభై ఏళ్లు కాపీ కొట్టరు.

ప్రశ్న: 1970లో 300 పైన ఉన్న హార్స్‌పవర్ 1975కల్లా సగానికి పడిపోయినట్టు లెక్కలు చూశాను. ఇంజన్లు నిజంగా అంత చచ్చిపోయాయా?
(మొగప్పేర్)

సగం నిజంగా పడిపోయింది, సగం లెక్క మారింది. 1971 దాకా ఇంజన్‌ని విడిగా స్టాండు మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరు, ఆల్టర్నేటరు, సైలెన్సరు ఏవీ లేకుండా కొలిచేవాళ్లు. 1972 నుంచి బండిలో ఎలా ఉంటుందో అలా అన్నీ బిగించి కొలవడం మొదలుపెట్టారు. జీతంలో గ్రాస్‌కి, చేతికొచ్చేదానికి ఉన్న తేడా అనుకోండి. దాంతోపాటు సీసం లేని పెట్రోలు కోసం కంప్రెషన్ తగ్గించారు, 1975 నుంచి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి, కంప్యూటర్ కంట్రోల్ ఇంకా రాని రోజుల్లో కార్బొరేటర్‌తోనే పొగ తగ్గించమంటే ఇంజన్‌కి ఊపిరాడదు.

తిరిగి లేచిన తీరు చూడండి. 1982లో 5.0 వీ8 ఉన్న జీటీ మోడల్ 157 హార్స్‌పవర్. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక 1987లో 225. 2011లో కొత్త 5.0, కయోటీ అని పిలిచే ఇంజన్, 412. 2018లో 460. నాకు బాగా నచ్చే లెక్క వేరే ఉంది. 1974లో 88 ఇచ్చిన 2.3 లీటర్ల సైజులోనే 2015లో ఎకోబూస్ట్ టర్బో ఇంజన్ 310 ఇచ్చింది. ఇంజన్ వేరు, సైజు ఒకటే.

ప్రశ్న: మస్టాంగ్‌ని ఒక దశలో ఆపేయబోయారని, లేకపోతే జపాన్ బండిగా మార్చబోయారని విన్నాను. నిజమేనా?
(తాంబరం)

నిజమే, దీని గురించి రాయడం నాకిష్టం.

1979లో మూడో తరం వచ్చింది, ఫాక్స్ అనే ప్లాట్‌ఫామ్ మీద. తేలిక బండి, కోణాలు కోణాలుగా ఉండే బాడీ. మొదట్లో నీరసంగా ఉండేది, 1980, 1981ల్లో వీ8ని 4.2 లీటర్లకు కుదించి 120 హార్స్‌పవర్ దగ్గర కూర్చోబెట్టారు. 1982లో 5.0 తిరిగొచ్చాక పరిస్థితి మారింది. కాలిఫోర్నియా హైవే పోలీసులు కూడా అదే ఏడాది నుంచి వేటకు వీటినే తీసుకున్నారు.

అయినా 1980ల మధ్యలో ఫోర్డ్ పెద్దలకు వెనక చక్రాలు తిరిగే వీ8 బండికి రోజులు చెల్లాయనిపించింది. మాజ్డా సాంకేతికతతో, ముందు చక్రాలు తిరిగేలా, వీ8 లేకుండా కొత్త కారు సిద్ధం చేసి దాన్నే తర్వాతి మస్టాంగ్ అనాలనుకున్నారు. 1987లో ఆ వార్త బయటికి పొక్కింది. అంతే, మస్టాంగ్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ఎప్పటికైనా కొనాలనుకునేవాళ్లు గుట్టలుగుట్టలుగా ఉత్తరాలు రాశారు. చేత్తో కాగితం మీద రాసి, స్టాంపు అంటించి పంపిన ఉత్తరాలు. కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ బండి ప్రోబ్ అనే పేరుతో 1989 మోడల్‌గా వచ్చింది, ఒక రెండు తరాలు నడిచి ఆగిపోయింది. పాత ఫాక్స్ మస్టాంగ్ మాత్రం 1993 దాకా అమ్ముడవుతూనే ఉంది.

నన్నడిగితే మొదటి తరం తర్వాత మస్టాంగ్ అసలు గుణం ఎక్కువగా ఉన్నది ఈ ఫాక్స్ బండిలోనే. 1987 తర్వాతి 5.0 ఎల్ఎక్స్ అనే మోడల్ తీసుకోండి. చూడ్డానికి ఆఫీసు బండి. స్పాయిలర్లు, స్టిక్కర్లు ఏవీ లేవు. ధర మామూలు ఉద్యోగి ఈఎంఐలో సర్దుకోగలిగేది. కింద 225 హార్స్‌పవర్. అయాకోకా 1964లో చేసిన పని మళ్లీ జరిగింది. దాని విడిభాగాల చుట్టూ అమెరికాలో ఒక పరిశ్రమే లేచింది, మన పుదుపేట విడిభాగాల బజారులో దొరకని సామాను లేనట్టే అక్కడ ఆ బండికి దొరకని పార్టు లేదు.

ప్రశ్న: ఫొటో చూసి ఏ తరమో చెప్పడానికి సులువైన గుర్తు ఏదైనా ఉందా?
(ఎనిమిదో తరగతి, కొళత్తూరు)

వెనక లైట్లు చూడు బాబూ. అటు మూడు, ఇటు మూడు నిలువు గీతలు. 1964 నుంచి మస్టాంగ్ గుర్తు అదే. 1994, 1995 బండ్లలో మాత్రం ఆ మూడింటినీ అడ్డంగా పడుకోబెట్టారు, జనానికి నచ్చలేదు, 1996లో మళ్లీ నిలబెట్టారు. కాబట్టి గీతలు అడ్డంగా ఉండి బండి గుండ్రంగా ఉంటే నాలుగో తరంలో మొదటి రెండేళ్లది అని వెంటనే చెప్పేయొచ్చు. 2005లో వచ్చిన ఐదో తరం 1960ల ఫాస్ట్‌బ్యాక్ పోలికలతో ఉంటుంది, ముందు గ్రిల్లు కొద్దిగా ముందుకు వాలి ఉంటుంది. ఫాక్స్ బండ్లను గుర్తుపట్టడమే కష్టం, చాలావాటికి గ్రిల్లు మీద గుర్రం ఉండదు.

ప్రశ్న: 2014 దాకా వెనక లారీ లాంటి ఒకే యాక్సిల్ పెట్టారట. అంత పెద్ద కంపెనీకి ఇండిపెండెంట్ సస్పెన్షన్ చేతకాలేదా?
(ఆవడి)

చేతనయింది, చేశారు కూడా. 1999లో కోబ్రా అనే మస్టాంగ్ మోడల్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే ఏర్పాటు, ఇచ్చారు. మామూలు మస్టాంగ్‌కి ఇవ్వకపోవడానికి మొదటి కారణం డబ్బు, రెండోది డ్రాగ్ రేసు. సిగ్నల్ పడగానే పావు మైలు దూకే వాళ్లకు గట్టి యాక్సిలే నమ్మకం, విరగదు, రెండు టైర్లూ రోడ్డును సమంగా పట్టుకుంటాయి. ఆ కొనుగోలుదార్లను ఫోర్డ్ వదులుకోదలచుకోలేదు.

కానీ మన ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) లాంటి రోడ్డు మీద, వంకరలో ఒక పక్క చక్రం గుంతలో పడిందనుకోండి, రెండో చక్రం కూడా దాంతోపాటు కదులుతుంది, వెనక భాగం పక్కకు జరిగినట్టవుతుంది. 2015లో ఆరో తరాన్ని ప్రపంచమంతా అమ్మాలనుకున్నారు, యూరప్ వాళ్లు దీన్ని ఒప్పుకోరు. అప్పుడు అన్ని మోడళ్లకూ ఇండిపెండెంట్ వచ్చింది. యాభై ఏళ్లు పట్టింది. నా లెక్కలో అది ఆలస్యమే, 2005లోనే ఇచ్చి ఉండాల్సింది.

ప్రశ్న: నేను మరైమలై నగర్ ఫోర్డ్ ప్లాంట్‌లో పనిచేశాను. మా దగ్గర ఐకాన్ నుంచి ఎకోస్పోర్ట్ దాకా తయారయ్యాయి. మస్టాంగ్ మాత్రం అమెరికా నుంచే తెచ్చి అమ్మారు. ఇక్కడ కనీసం బిగించి ఉంటే ధర తగ్గేది కదా?
(మరైమలై నగర్)

మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. జీఎస్టీ రోడ్డు (గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) మీద ఆ గేటు ముందు నుంచి షిఫ్టు బస్సులు బయటికి రావడం చూసిన వాళ్లకు మీరు అడిగినదాని వెనక ఉన్న బాధ తెలుస్తుంది. అమెరికా రోడ్ల మీద తిరిగిన ఎకోస్పోర్ట్‌లు మీ ప్లాంట్ నుంచి ఓడెక్కినవే. డెట్రాయిట్‌లో పుట్టిన కంపెనీ చెన్నైలో తయారైన కారును డెట్రాయిట్‌లో అమ్మింది, ఆ గర్వం మీకు ఎవరూ ఇవ్వక్కర్లేదు, అది మీదే.

మస్టాంగ్ సంగతికొస్తే, 2004 దాకా డియర్‌బోర్న్‌లో, ఆ తర్వాత మిషిగన్‌లోనే ఫ్లాట్ రాక్ ప్లాంట్‌లో చేస్తున్నారు. ఆరో తరంలో ప్రపంచమంతటికీ అక్కడి నుంచే వెళ్లాయి. కుడిచేతి స్టీరింగ్‌తో ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలైందీ ఆ తరంలోనే, అందుకే అప్పటిదాకా మనకు రాలేదు. ఇక్కడ పోయే కొద్దిపాటి బండ్ల కోసం లైను పెట్టడం ఏ కంపెనీకీ గిట్టదు.

దాంతో 2016 జులైలో ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ ధర 65 లక్షలతో వచ్చింది. 5 లీటర్ల వీ8 జీటీ, ఆటోమేటిక్, ఒక్కటే వేరియంట్. అమెరికాలో అదే జీటీ 32 వేల డాలర్ల పైచిలుకు, అప్పటి మారకంలో దాదాపు 22 లక్షలు. పెట్రోలు ఇంజన్ 3,000 సీసీ దాటితే పూర్తిగా తయారై వచ్చిన బండికి అప్పుడు బేసిక్ కస్టమ్స్ సుంకమే 100 శాతం, దానిమీద మిగతా పన్నులు. ఓడ ఖర్చు, ఇక్కడి రూల్సుకు సరిపడే మార్పులు సరేసరి. అక్కడ స్కూలు టీచర్ కొనుక్కునే కారు ఇక్కడ జర్మన్ లగ్జరీ కార్ల పక్కన నిలబడాల్సి వచ్చింది. 2.3 టర్బోని తెచ్చి ఉంటే 3,000 సీసీ గీత కిందకి వచ్చేది, మస్టాంగ్ అసలు అర్థానికీ కొంచెం దగ్గరగా ఉండేది. తేలేదు. నాకిప్పటికీ అది మనసులో ఉంది.

ఆ బండి లోపల కూర్చుంటే పొడుగాటి బానెట్ మీద రెండు గీతలు అద్దంలోంచి కనబడతాయి. స్పీడోమీటర్ మీద గ్రౌండ్ స్పీడ్ అని రాసి ఉంటుంది, విమానం మీటర్ల మాదిరి. ఏసీ కింద వరసగా లోహపు స్విచ్చులు, ఒక్కోటీ వేలితో పైకీ కిందికీ తోస్తే టక్కుమంటుంది. ఎడమ పక్క డ్యాష్‌బోర్డు మీద చిన్న పలక, 1964 నుంచి అని. డ్యాష్‌బోర్డు కింది భాగం గట్టి ప్లాస్టిక్కే, 65 లక్షల బండిలో ఇదేంటని చాలామంది మొహం చిట్లించారు. ఆ ప్లాస్టిక్ 22 లక్షల కారుకు వేసింది, మిగతా 43 లక్షలు కారులోకి వెళ్లలేదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ ఒకటి మా మధ్యవర్తి చూపించాడు. మా ఏరియాలో ఈ బండి పెట్టుకోవచ్చా? ఏం చూసి కొనాలి?
(వేళచ్చేరి)

మీరు వేళచ్చేరి కాబట్టి మొదటి మాట నీళ్ల గురించే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను అప్పుడు మీ చుట్టుపక్కల బేస్‌మెంట్లలో ఎన్ని కార్లు మునిగాయో మీకు చెప్పక్కర్లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, మామూలుగా ఎవరూ లాగనంత దూరం. బురద గీత ఉంటే అక్కడ కనబడుతుంది, ఎందుకంటే కడిగేవాళ్లు అంతదూరం కడగరు. డిక్కీలో కార్పెట్ ఎత్తి కింది గూడులో తుప్పు చూడండి, సీటు కింద బోల్టుల తలలు చూడండి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎంత చవకైనా వదిలేయండి, నీళ్లు తాగిన వైరింగ్ ఆరు నెలల తర్వాత ఒక్కొక్కటిగా మొరాయిస్తుంది.

తర్వాత టైర్లు. ఈ బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి మీద అరుగుదల కనబడదు, కానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, 2317 అంటే 2017లో 23వ వారం. పాతవైతే మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి. ముందు బంపర్ అడుగున చెయ్యి పెట్టి తడమండి, గీతలు లేకుండా చెన్నైలో ఏ మస్టాంగూ ఉండదు, పగుళ్లు ఉన్నాయా అన్నదే ముఖ్యం. మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద, వీధి స్పీడ్ బ్రేకర్ మీద ముందే ఒకసారి ఎక్కించి చూసుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క కట్టించుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఈ వీ8 పార్టులు తెప్పించుకోవడానికి వారాలు పట్టొచ్చు. ఇంట్లో రోజూ తిరగడానికి ఇంకో బండి ఉంటేనే దీన్ని కొనండి.

ప్రశ్న: మా అబ్బాయి మిషిగన్‌లో ఉంటాడు. 1966 మస్టాంగ్ ఒకటి కొని చెన్నై పంపిస్తానంటున్నాడు. ఇక్కడ స్టీరింగ్ కుడివైపుకు మార్పిస్తే సరిపోతుందా?
(అన్నా నగర్)

సరిపోదండీ. మామూలుగా వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి; యాభై ఏళ్లు దాటిన కార్ల దిగుమతి రూలును 2025లో సడలించారు. ఇక్కడికొచ్చాక మార్పిద్దామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, తయారీదారు ఇచ్చిన రూపాన్ని మౌలికంగా మార్చకూడదు. పైగా ఆ పని చేయాలంటే స్టీరింగ్ బాక్సు, పెడల్స్, డ్యాష్‌బోర్డు అన్నీ అటు నుంచి ఇటు రావాలి, ఇంజన్‌కి, క్యాబిన్‌కి మధ్య రేకు కోయాలి. అరవై ఏళ్ల నాటి మంచి బండిని పాడుచేసుకోవడమే.

యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే పద్ధతి పెట్టారు, నంబర్ ప్లేట్‌లో వీఏ అని వస్తుంది. అది ర్యాలీలకు, ప్రదర్శనలకు, రోజూ రోడ్డెక్కడానికి కాదు. మీవాడు అక్కడే కొనుక్కుని అక్కడే నడుపుకోవడం మంచిది, మీరు వేసవిలో వెళ్లినప్పుడు తిరగొచ్చు. అక్కడ ఉప్పు చల్లే చలికాలం రోడ్ల మీద తిరిగిన బండి అయితే ఫ్లోరు, ముందు అద్దం కింద కౌల్ అనే భాగం తుప్పు పట్టి ఉంటాయి, వాన పడితే కాళ్ల మీద నీళ్లు కారుతాయి. పెయింటు చూసి మోసపోకుండా బండిని లిఫ్టు మీద ఎత్తించి చూడమనండి.

ప్రశ్న: మాక్ ఈ అనే ఎలక్ట్రిక్ బండి కూడా మస్టాంగేనా? అసలు మస్టాంగ్ ఇంకా ఉందా, ఆపేశారా?
(షోలింగనల్లూరు)

2019 నవంబరులో చూపించిన మాక్ ఈ నాలుగు తలుపుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. బండిగా బాగానే ఉంది, కానీ ఏ భాగమూ మస్టాంగ్‌ది కాదు, గుర్రం బొమ్మ, వెనక మూడు గీతల లైట్లు తప్ప. దానికి ఆ పేరు పెట్టకుండా ఉండాల్సింది.

అసలు మస్టాంగ్ ఉంది. ఏడో తరం 2024 మోడల్‌గా వచ్చింది. పాత ప్రత్యర్థులు కమారో, డాడ్జ్ కంపెనీ వీ8 ఛాలెంజర్ రెండూ 2023 చివర్లో ఆగిపోయాయి, కాబట్టి ఆ కోవలో వీ8తో మిగిలింది ఇదొక్కటే. లోపల పాత మీటర్లు పోయి పెద్ద స్క్రీన్లు వచ్చాయి, నాకు మొదట అది నచ్చలేదు. అయితే ఆ స్క్రీన్‌లో ఫాక్స్ బండి మీటర్లను యథాతథంగా తెప్పించుకోవచ్చు, 1987 నుంచి 1993 దాకా ఉన్నవి, అదే అక్షరాలు, అదే సూది, హెడ్‌లైట్లు వేస్తే పాత బండిలో లాగే ఆకుపచ్చగా మారతాయి. అది చేసినవాళ్లకు ఆ కారంటే ప్రాణం అని తెలిసిపోతుంది. గేరు చేత్తో వేసుకునే ఆరు స్పీడ్ల మాన్యువల్ కావాలంటే మాత్రం జీటీ గానీ, 500 హార్స్‌పవర్ డార్క్ హార్స్ గానీ తీసుకోవాలి. 2.3 టర్బోకి ఈ తరంలో ఆటోమేటిక్ ఒక్కటే ఇస్తున్నారు.